ఈతకొలని నీరు: కలక, పచ్చదనము

గృహావరణములందు నిర్మింపబడు ఈతకొలనులలోని జలము తన సహజ నిర్మలత్వమును గోల్పోయి తెల్లగా గాని బూడిదవన్నెగా గాని మసకబారుటను కలకబారుట యనియు, ఆకుపచ్చని వర్ణము దాల్చుటను పచ్చబారుట యనియు వ్యవహరింతురు. ఈ రెండు వికారములును తరచుగా ఒకదాని వెంట నొకటి వచ్చునవే యైనను, వీని కారణములు వేరు, ప్రతిక్రియలును వేరు. కొలనిలోని నీటికి ప్రవాహము లేదు. చెరువునందు వలె చేపలు, నీటిమొక్కలు దానిని సంస్కరింపవు. వడపోత యంత్రముచే గంటల కొలది త్రిప్పబడుచు, క్లోరీనుచే రక్షింపబడుచున్నంతకాలము మాత్రమే అది తేటగా నుండును. ఆ రెండింటిలో ఏ యొక్కటి తప్పినను వేసవిలో కొద్ది దినములలోనే అడుగు కనబడకుండ పోవును. నాచును, సూక్ష్మక్రిములను చంపుట యొక పని. చచ్చిన పదార్థమును నీటినుండి వెలికి దీయుట మరియొక పని. మొదటిది క్లోరీను చేయవలసినది, రెండవది వడపోత చేయవలసినది. నీటిని తేర్చుటకై యజమానులు వెచ్చించు ధనములో అధికభాగము వృథా యగుటకు ఈ రెండు పనులను ఒక్కటిగా భావించి, ఒకదానికి చేయవలసిన చికిత్సను రెండవదానికి చేయుటయే కారణము.

స్నానార్థమై కొలనులు కట్టుట మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. మొహెంజొదారోలోని మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవును, 7 మీటర్ల వెడల్పును, 2.4 మీటర్ల లోతును కలదై, నీరు ఇంకకుండ తారుపూతయు, వాడిన నీటిని వెడలించుటకు కాలువయు కలిగియున్నది. పాతనీటిని విడిచి క్రొత్తనీటిని పెట్టుట తప్ప అన్యమైన శుద్ధి విధానము చిరకాలము లోకమున లేదు. ఇంగ్లండులోని పురపాలక స్నానశాలలలో సైతము ఇరువదవ శతాబ్ది ప్రారంభము వరకు ఇదియే పద్ధతి. కొలను నింపిన దినమున ప్రవేశ రుసుము హెచ్చుగాను, నీరు మురికియగుకొలది తక్కువగాను ఉండెడిది గనుక, పేదలకు చౌకగా దొరకినది కలవారు మునిగి విడిచిన నీరే. 1774లో స్వీడన్ దేశీయుడగు షీలే కనుగొనిన క్లోరీను, 1908లో అమెరికాలోని జెర్సీ నగరపు త్రాగునీటి శుద్ధికి నిరంతరముగా వినియోగింపబడిన పిమ్మట, కొలది సంవత్సరములలోనే ఈతకొలనులకును సంక్రమించెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో, ముఖ్యముగా కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్, ఆరిజోనా రాష్ట్రములలో, మధ్యతరగతివారి యింటి పెరడునందును కొలను సామాన్యమైన వస్తువయ్యెను. అచ్చట ఇండ్లు కొనిన తెలుగు కుటుంబములకును, హైదరాబాదు చుట్టుపట్ల మొయినాబాదు, శంకర్‌పల్లి ప్రాంతములలో ఫామ్‌హౌసులు కట్టుకొనినవారికిని ఈ నీటి చిక్కు నేడు సమానముగా పరిచితమే.

క్లోరీనును బ్లీచింగు పౌడరుగా చల్లినను, సోడియం హైపోక్లోరైటు ద్రావణముగా పోసినను, టీసీసీఏ 90 అను పేర అంగళ్లలో దొరకు బిళ్ళలుగా కరగించినను, నీటిలో క్రిములను చంపునది హైపోక్లోరస్ ఆమ్లమే. ఉప్పునీటి కొలనులని పేరొందినవానిలోను విద్యుత్తుచే ఉప్పునుండి పుట్టింపబడునది ఈ క్లోరీనే గనుక, అవి క్లోరీను లేని కొలనులనుట భ్రమ. ఈ ఆమ్లము నీటిలో కొంత భాగము విడివడి హైపోక్లోరైటు అయానుగా మారుచుండును. ఆ అయానునకు క్రిమిసంహారక శక్తి బహు స్వల్పము. ఏ భాగమెంత యనునది నీటి ఆమ్లక్షారస్థితిని తెలుపు పీహెచ్ విలువను బట్టి యుండును. పీహెచ్ 7.5 వద్ద ఇంచుమించు సగము ఆమ్లరూపమున నుండగా, 7.0 వద్ద నాలుగింట మూడు వంతులును, 8.0 వద్ద నాలుగింట ఒక వంతు మాత్రమును ఉండును. కొలనులకు 7.2 మొదలు 7.8 వరకు గల పీహెచ్ తగినదని నిర్ణయించుటకు కంటిమంట, లోహభాగముల తుప్పు మున్నగు హేతువులతోపాటు ఇదియు ముఖ్యహేతువు.

ఇచట సూర్యుడు ప్రవేశించును. ఆరుబయట కొలనిలో రక్షకద్రవ్య మేదియు లేనిచో, మధ్యాహ్నపు టెండలోని అతినీలలోహిత కిరణములు గంటలోపుననే క్లోరీనులో సగమును హరించివేయును. దీని నివారణకై సయనూరిక్ ఆమ్లమును కలుపుదురు. పనివారు దీనిని స్టెబిలైజరు అందురు. ఇది క్లోరీనును తనతో వదులుగా బంధించుకొని, ఎండనుండి కాపాడుచు, అవసరమైనపుడు కొంచెముకొంచెముగా విడుచును. లీటరునకు 30 మొదలు 50 మిల్లీగ్రాముల వరకు ఇది యుండుట మేలు. అయితే రక్షకుడే బంధకుడగుట ఇచట చూడవచ్చును: ఈ ఆమ్లము హెచ్చినకొలది క్లోరీను నీటిలో ఉన్నట్లే పరీక్షలో కనబడుచున్నను పని చేయజాలక యుండును. టీసీసీఏ బిళ్ళలలో క్లోరీనుతోపాటు ఈ ఆమ్లమును చేరియుండుటచే, ఆ బిళ్ళల వలన నీటికి లీటరునకు 10 మి.గ్రా. క్లోరీను చేరునపుడెల్ల 6 మి.గ్రా. సయనూరిక్ ఆమ్లమును చేరుచుండును. వేసవిలో రోజునకు 2 మి.గ్రా. చొప్పున క్లోరీను ఖర్చగు కొలనికి ఈ బిళ్ళలనే వాడినచో నూరు దినములకు 120 మి.గ్రా. ఆమ్లము పోగగును. క్లోరీను ఎండకును, మురికికిని ఖర్చైపోవును గాని ఇది ఎటును పోదు. నీరు ఆవిరియైనను మిగిలిన నీటిలోనే నిలుచును, వడపోతకు చిక్కదు. కొంత నీటిని తీసివేసి క్రొత్తనీటిని నింపుటయే గృహస్థునకు సాధ్యమైన మార్గము. బిళ్ళలను క్రమము తప్పక వేయుచు, రెండేండ్లు నిశ్చింతగా నుండి, మూడవ వేసవిలో అకస్మాత్తుగా కొలను పచ్చబడినదని వాపోవు జాగరూకుల కథలలో పెక్కింటికి మూలమిదియే. బిళ్ళలమ్మువారు ఈ సంగతిని చెప్పుట అరుదు.

పచ్చదనమునకు ప్రధాన కారణము నాచు. క్లోరెల్లా వంటి ఏకకణ శైవలములు గాలిలోని ధూళితోను, వానతోను, పక్షుల కాళ్లతోను కొలనిలో ప్రవేశించుచునే యుండును. ఎండయు, వెచ్చదనమును, రాలిన ఆకులనుండియు పచ్చికకు వేసిన ఎరువులనుండియు కొట్టుకొనివచ్చు ఫాస్ఫేటులు, నైట్రేటులును వానికి ఆహారము. ఇవి పగటివేళ కిరణజన్య సంయోగక్రియచే నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించుటవలన పీహెచ్ పెరుగును. అది పెరిగినకొలది మిగిలిన కొద్ది క్లోరీను యొక్క శక్తియు తగ్గును. తగ్గినకొలది నాచు మరింత వృద్ధిబొందును. ఉదయమున ఏదో పసరువన్నె తోచిన నీరు రెండవనాటికి చిక్కని పచ్చదనము దాల్చుట యీ పరస్పర పోషణము వలననే. గోడలపై పసుపు పొడివలె పేరుకొని తుడువగానే లేచి మరల కూర్చుండు రకము, సిమెంటు రంధ్రములలో నల్లని చుక్కలై పాదుకొను రకము కూడ కలవు. కడపటిది నిజమునకు సయనోబాక్టీరియా జాతికి చెందినది; తీగల బ్రష్షుతో దాని పైపొరను గీకినగాని క్లోరీను లోనికి చొరదు.

అయితే పచ్చని నీరంతయు నాచు కాదు. నీరు పచ్చగా నుండియు గాజువలె పారదర్శకమై, గోడలు జారుడు లేక యున్నచో, అది రాగి యని యనుమానింపవలెను. నాచు మందులలోని రాగి లవణములును, పీహెచ్ పడిపోయినపుడు నీటిని వెచ్చజేయు యంత్రములలోని రాగి గొట్టములు కరగుటయు దీనికి హేతువులు. తెల్లజాతివారి బంగారువన్నె కేశములు ఈతకొలనులలో పచ్చబడుటకు క్లోరీనును నిందించుట పరిపాటి. కాని నేరము రాగిది. బోరునీటిలో ఇనుము కరగియున్నచో క్లోరీను తగులగానే అది ఆక్సీకరణము చెంది, నీరు తుప్పు కలిసిన పసరువన్నెకు మారును. ఒక తెల్లని బకెట్టులో కొలని నీటిని పట్టి కొంచెము క్లోరీను కలిపి రాత్రియంతయు ఉంచినచో సంగతి చాలవరకు తేలును: రంగు వెలిసినచో నాచు, వెలియక నిలిచినను, గోధుమవన్నెకు దిరిగినను లోహము.

నిర్ణయము చేయక ద్రవ్యమును పోయుటవలన కలుగు అనర్థమునకు 2016 నాటి రియో ఒలింపిక్ క్రీడలకంటె ప్రసిద్ధమైన దృష్టాంతము లేదు. అచటి మరియా లెంక్ జలక్రీడాశాలలో డైవింగు కొలని నీరు ఆగస్టు 9వ తేదీన, లోకమంతయు చూచుచుండగా, పచ్చబడెను. కొన్ని దినములకు నిర్వాహకులు ప్రకటించిన కారణ మేమనగా, ఆగస్టు 5న ఒక కాంట్రాక్టరు 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడును ఆ శాలలోని కొలనులలో పోసెననియు, అది క్లోరీనును నిర్వీర్యము చేయగా నాచు మున్నగు సేంద్రియ పదార్థములు పెరిగెననియు. పెరాక్సైడు తనంతట తానొక క్రిమిసంహారిణియే. క్లోరీను తానును అంతే. రెండును కలిసినచో ఒకదాని నొకటి హరించుకొనును. అచటనే సింక్రొనైజ్డు ఈతపోటీలు జరుగవలసిన కొలనిలోనైతే చికిత్సకు వ్యవధి లేక, నీటినంతను తోడివేసి పొరుగు కొలని నీటితో నింపిరి. ఇరుగుపొరుగున మరియొక కొలను లేని గృహస్థునకు ఆ సౌకర్యముండదు.

నాచుపట్టిన కొలనిని బాగుచేయు క్రమమున మొదటిది లెక్క. పొడవు, వెడల్పు, సగటు లోతులను మీటర్లలో గుణించి వేయిచే హెచ్చవేసినచో నీరెన్ని లీటర్లో తెలియును. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల సగటు లోతు గల కొలనియందు ఇంచుమించు 45,000 లీటర్లుండును. ఆ నీటిలో క్లోరీనును లీటరునకు ఒక మి.గ్రా. పెంచుటకు 45 గ్రాముల క్లోరీను వలయును. పచ్చదనమును పోగొట్టుటకు సయనూరిక్ ఆమ్లపు పరిమాణములో నూటికి 40 వంతుల క్లోరీనును నిలుపవలెనని అనుభవజ్ఞులు పాటించు లెక్క. ఆ ఆమ్లము 30 మి.గ్రా. ఉన్నచో 12 మి.గ్రా. క్లోరీను చాలును, నూరున్నచో 40 కావలసివచ్చును. మొదటి సందర్భమున మనము తీసికొనిన కొలనికి 540 గ్రాముల క్లోరీను, అనగా నూటికి పదివంతుల బలము గల సోడియం హైపోక్లోరైటు అయిదున్నర లీటర్లు గాని, 65 వంతుల బలము గల కాల్షియం హైపోక్లోరైటు 830 గ్రాములు గాని పట్టును. మామూలు బ్లీచింగు పౌడరు తాజాదైనను దాని బలము మూడవవంతే. మీదుమిక్కిలి సున్నపు మడ్డి మిగులును. హైపోక్లోరైటు ద్రావణమైతే ఎండలో నిలువచేసిన డబ్బాలలో బలము గోల్పోవునది గనుక, మన వేసవులలో నెలల తరబడి మూల పడియున్న డబ్బాను నమ్మి లెక్క వేయరాదు.

ఆకులను, చెత్తను వలతో తీసివేసి, పీహెచ్‌ను 7.2 ప్రాంతమునకు దించిన పిమ్మటనే క్లోరీను వేయవలెను. క్లోరీను మిక్కుటముగా నున్న నీటిలో పీహెచ్ పరీక్ష నమ్మదగినది కాదు. సాయంకాలమున వేయుటచే సూర్యుని వాటా తప్పును. గోడలను, మెట్ల సందులను, దీపముల వెనుకభాగములను బ్రష్షుతో రుద్దుట శ్రమసాధ్యమని చాలమంది వదలివేయుదురు గాని, జిగురుపొరను ఆశ్రయించియున్న నాచును కదల్చుటకు దానిని మించిన ఔషధము లేదు. ఒక్కమారు క్లోరీను వేసి ఊరకుండుట పనికిరాదు. నాచు దానిని గంటలలో తినివేయును గనుక, దినమునకు పలుమారులు పరీక్షించి, తగ్గినంత మరల వేయుచు, పంపును రేయింబగళ్లు నడుపవలెను. 1957లో పేలిన్ అను ఇంగ్లీషు రసాయనజ్ఞుడు రూపొందించిన డీపీడీ పరీక్షలో క్లోరీనున్న నీరు గులాబివన్నె దాల్చును. కాని క్లోరీను అతిశయించినచో ఆ రంగునే అది వెలిసిపోజేయుటచే ఏమియు లేనట్లు కనబడును. ఆ భ్రమలో పడి ఇంకను వేయుచు పోవువారు కలరు. నీటిని సగము మంచినీటితో పలుచజేసి పరీక్షించినచో నిజము తెలియును. పచ్చదనము క్రమముగా బూడిదవన్నెకును, పిదప పాలనీలమునకును మారుట శుభసూచకము. సూర్యాస్తమయానంతరమును, మరల సూర్యోదయమునకు పూర్వమును క్లోరీనును కొలిచి, రాత్రిలో తగ్గినది ఒక మి.గ్రా.నకు మించకున్నచో, నాచు చచ్చినదని నిర్ధారింపవచ్చును.

ఇక మిగిలినది శవవాహన కార్యము. ఇది క్లోరీను పని కాదు. ఇసుక ఫిల్టరు సాధారణముగా 20 మొదలు 40 మైక్రాన్లకు మించిన రేణువులను మాత్రమే పట్టును. క్లోరెల్లా కణము పది మైక్రాన్లకు లోపలిది. కావుననే చచ్చిన నాచు ఇసుకగుండ దూరి మరల కొలనికే వచ్చుచు, దినములకొలది నీటిని మసకగా నుంచును. కాట్రిడ్జి ఫిల్టరు ఇంతకంటె సూక్ష్మము. డయాటమ్ మట్టి ఫిల్టరు మూడు నాలుగు మైక్రాన్లవరకు పట్టును. ఆ మట్టి పూర్వయుగములనాటి డయాటములను శైవలముల కవచశిథిలమే యగుటచే, నాచును నాచుతోనే వడకట్టుట యగుచున్నది. ఇసుక ఫిల్టరు విషయమున ఒక వింత గలదు: ఇసుక రేణువుల నడుమ కొంత మడ్డి పేరుకొనిన పిదపనే అది చక్కగా పని చేయును. పీడనమాపకము శుభ్రస్థితిలోని విలువకు మించి 8 నుండి 10 పీఎస్‌ఐ పెరిగినపుడు నీటిని ఎదురు త్రిప్పి ఇసుకను కడుగుటయను బ్యాక్‌వాష్ చేయవలెనే గాని, ఆదుర్దాతో గంటకొకమారు చేయుట వలన నీరు తేరదు. పంపు ఎనిమిది గంటలలో కొలని నీటికి సమానమైన పరిమాణమును త్రిప్పినను, వడకట్టిన నీరు వడకట్టని నీటిలోనే కలియుచుండుటచే, నీటిలో నూటికి 63 వంతులు మాత్రమే ఫిల్టరు గుండ పోయినట్లు. రెండవ చుట్టునకు 86, మూడవదానికి 95 వంతులగును. ఓపిక వహింపవలెననుటకు ఇంతకంటె గణితాధారము వేరొకటి యక్కరలేదు.

ఓపిక లేనిచోట పటిక సహాయము చేయును. బంకమట్టి రేణువులు, చచ్చిన నాచు కణములు ఋణవిద్యుదావేశము గలవి యగుటచే పరస్పరము వికర్షించుకొనుచు అడుగునకు దిగక తేలియాడుచుండును. పటిక నీటిలోని క్షారముతో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడను మెత్తని తునుకలుగా ఏర్పడి, ఈ కణముల ఆవేశమును శమింపజేసి, వానిని పొదివికొని క్రిందికి దింపును. వరదగోదావరి నీటిని బిందెలో పోసి చిల్లగింజను అరగదీసిన మన పెద్దలకు ఈ న్యాయము క్రొత్తది కాదు. సంస్కృతమున కతకమనబడు ఆ ఫలప్రస్తావన మనుస్మృతిలోనే కలదు. ఫ్లోరైడు పీడితమైన నల్లగొండ జిల్లా పేర ప్రసిద్ధమైన నల్లగొండ పద్ధతియందు, నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాలయమువారు వాడినవియు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులే. కొలనికి లీటరునకు 30 నుండి 50 మి.గ్రా., అనగా 45,000 లీటర్లకు రమారమి రెండు కిలోల పటికను కరగించి సమముగా చల్లి, కొంతసేపు త్రిప్పి, పంపును ఆపివేసి, రాత్రియంతయు నీటిని కదల్పక యుంచవలెను. మరునా డడుగున దుప్పటివలె పరచుకొనిన మడ్డిని నెమ్మదిగా వాక్యూము గొట్టముతో లాగి, ఫిల్టరుగుండ పోనీయక, వాల్వును వేస్టు వైపునకు త్రిప్పి నేరుగా బయటికి విడువవలెను. మడ్డిని ఫిల్టరులోనికి పంపుటయే సర్వసాధారణమైన పొరపాటు. ఇసుక జిగటబారి, శ్రమ మొదటికి వచ్చును. పటిక క్షారమును తినివేయును గనుక పిమ్మట వంటసోడా వేసి దానిని 80 మొదలు 120 మి.గ్రా. మధ్య నిలుపుట అవసరము.

నాచు ఛాయయే లేక నీరు తెల్లగా మసకబారినచో కఠినజలమును శంకింపవలెను. కాల్షియము హెచ్చుగా నున్న నీటిలో పీహెచ్ పెరిగినపుడు కాల్షియం కార్బొనేటు సూక్ష్మరేణువులై విడివడును. ఏ స్థితిలో అది విడివడునో, ఏ స్థితిలో సిమెంటునే కరగించునో గణించు సూచికను 1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లాంగ్లియర్ కూర్చెను. ఆరిజోనాలోని ఫీనిక్సు కొలనుల గోడలపై తెల్లని పొరలు కట్టుటయు, మన బోరునీటితో నింపిన కొలనులలో కాల్షియం హైపోక్లోరైటు వేసిన సాయంకాలమే నీరు సున్నము కలిపినట్లు తెల్లబారుటయు ఒకే కారణమున. అట్టిచోట హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో పీహెచ్‌ను దించుట, ద్రవరూపమైన సోడియం హైపోక్లోరైటును వాడుట తగును.

చెమట, మూత్రములలోని నత్రజని పదార్థములతో క్లోరీను కలిసినపు డేర్పడు క్లోరమీనులును కలకకు కొంత దోహదము చేయును. ఘాటైన వాసనకును, కంటిమంటకును క్లోరీను ఎక్కువైనదని తలచుట లోకరీతి. ఆ వాసన క్లోరమీనులది, అది క్లోరీను చాలలేదనుటకు గుర్తు.

ఈ ద్రవ్యములతో వ్యవహరించునపుడు కొన్ని నిషేధములు మీరరానివి. టీసీసీఏను, కాల్షియం హైపోక్లోరైటును ఒకే డబ్బాలో గాని, ఒకే తడి చెంచాతో గాని తాకింపరాదు, నిప్పంటుకొని పేలగలవు. ఆమ్లమును క్లోరీను ద్రవ్యముతో కలిపినచో విషవాయువు పుట్టును. ద్రవ్యమును నీటిలో వేయవలెను గాని ద్రవ్యముపై నీరు పోయరాదు. అడుగున నున్న జాలీ స్పష్టముగా కనబడునంతవరకు ఎవ్వరును దిగరాదు. కలక నీటిలో మునిగిన బిడ్డ పైనున్నవారికి కనబడకపోవుట క్రిములకంటె పెద్ద ప్రమాదము. పాడుపెట్టిన పచ్చని కొలను దోమలకు ప్రసూతిగృహము. 2007లో గృహరుణములు తీర్పలేక జనులు విడిచిపోయిన ఇండ్లు పెరిగిన బేకర్స్‌ఫీల్డు ప్రాంతమున వెస్ట్ నైల్ జ్వరము ప్రబలుటకు అట్టి కొలనులు తోడ్పడినట్లు కాలిఫోర్నియా పరిశోధకులు తెలిపిరి.

సయనూరిక్ ఆమ్లము మితిమీరినపుడును, పచ్చదనము బురదగా చిక్కబడినపుడును నీటిని తీసివేయుటయే చౌక. కాని వానకాలమున కొలనిని పూర్తిగా ఖాళీ చేయరాదు. చుట్టునున్న భూగర్భజలము పైకి వచ్చి, లోపలి నీటిబరువు లేని తొట్టిని క్రిందినుండి నెట్టుటచే, సిమెంటు కట్టడము పగులుటయు, కొన్నిచోట్ల తొట్టి మొత్తము పైకి లేచుటయు కద్దు. మూడవవంతు చొప్పున తీసి నింపుచు పలుమారులు చేయుట క్షేమము. వెడలించు నీటిలో క్లోరీను మిగిలియున్నచో, దానిని రెండు మూడు దినములు ఎండకు విడిచి, పరీక్షలో లేదని తేలిన పిదపనే చెట్లకు గాని కాలువకు గాని వదలవలెను. చేపలున్న చెరువునకు దారితీయు కాలువయైనచో పరీక్ష రెండుమారులు చేయుట మంచిది.